బకెట్టు కుళాయి

మా పంచాయతీ పేరు చెప్పను. రేపల్లె స్టేషన్లో దిగి షేర్ ఆటో ఎక్కితే పావుగంటలో వస్తుంది, అంతవరకే చెబుతాను. చేసిన వెధవ పని నాది, ఊరిది కాదు. నేను ఆ పంచాయతీ కార్యదర్శిని. పేరు సరోజ. ఉండేది తెనాలిలో, పొద్దున పాసింజరు రైల్లో వచ్చి సాయంత్రం రైల్లో వెళ్ళిపోతాను. నాకు నోరెక్కువని తెనాలిలో మా వీధివాళ్ళూ అంటారు, ఇక్కడా అంటారు. నిజమే. కానీ ఆ నోరు లేవాల్సిన చోట లేవలేదు. నా ఏడుపంతా దాని గురించే.

ఆ ఊళ్ళో ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే. కాలవ నీళ్ళు శుద్ధిచేసి ట్యాంకు ఎక్కించి, గొట్టాల్లో ఇళ్ళకి ఇస్తాం. ఊరంతా కుళాయిలున్నాయి, ఒక్క పరుపుల వీధికి తప్ప. అది మురుగుకాలవ అవతల ఉంది. ముప్పై ఎనిమిది ఇళ్ళు, అందరూ దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు. గొట్టం కాలవ దాటించాలంటే వంతెన పక్కన ఇనప చట్రం కట్టాలి. కాంట్రాక్టరు రెండుసార్లు కొలతలు తీసుకున్నాడు, మూడోసారి ఫోనెత్తలేదు. ఆ వీధి ఆడవాళ్ళు పొద్దున్నే బిందెలు పట్టుకుని వంతెన దాటి ఇవతల వీధి కుళాయి దగ్గర వరుసలో నిలబడతారు. నీళ్ళొచ్చేది గంటసేపే.

నవంబరులో ఆర్డరు వచ్చింది. డిసెంబరు ఆఖరుకల్లా ప్రతి ఇంటికీ కుళాయి ఉండాలి, ప్రతి కుళాయికీ ఫోటో ఉండాలి. ఫోటోలో ఇంటివాళ్ళ మొహం, కుళాయి, అందులోంచి పడుతున్న నీళ్ళు, మూడూ కనపడాలి. ఇంటి ముందే నిలబడి తీస్తే తప్ప ఫోన్లో ఆ యాప్ ఫోటో తీసుకోదు. ప్రతి సోమవారం ఫోన్లో మీటింగు. వెనకబడ్డ పంచాయతీల కార్యదర్శుల పేర్లు మండలం ఆఫీసరు గట్టిగా చదివేవాడు. వరసగా మూడు వారాలు నా పేరు చదివాడు. తిట్టలేదు, కొట్టలేదు, పేరు చదివాడంతే. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళ సర్వీసులో నన్ను వేలెత్తి చూపినవాడు లేడని మా ఆయన మోహనకృష్ణ దగ్గర రాత్రి అన్నం తింటూ తెగ రుసరుసలాడాను.

ఆలోచన యలమందదని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. యలమంద మా పంచాయతీలో మోటారు వేసి ట్యాంకు నింపే మనిషి, గొట్టాల పని కూడా వాడే చూస్తాడు. కానీ ఆలోచన వాడిది కాదు, అచ్చంగా నాదే. చిన్నప్పుడు తెనాలిలో తిరనాళ్ళకి వెళ్తే అట్టతో చేసిన విమానంలో కూర్చోబెట్టి ఫోటో తీసేవాళ్ళు. అది గుర్తొచ్చింది. యలమందని పిలిచి, ఎక్కడికి కావాలంటే అక్కడికి మోసుకెళ్ళే కుళాయి ఒకటి తయారుచెయ్యగలవా అని అడిగాను. వాడు నా మొహంలోకి ఒకసారి చూసి, చేస్తానండి అన్నాడు.

రంగుల బకెట్టు ఖాళీది తెచ్చి, అందులో మూడడుగుల గొట్టం నిలబెట్టి సిమెంటు పోశాడు. పైన కొత్త కుళాయి బిగించాడు. వెనక పచ్చగొట్టం ఒకటి తగిలించాడు. బకెట్టు కనపడకుండా చుట్టూ నాలుగు ఇటుకలు పేర్చి మట్టి ఎగదోస్తే సరి, నిన్న పాతిన కుళాయి అంటే ఎవరైనా నమ్మాల్సిందే. మోపెడ్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని ఇల్లిల్లూ తిప్పాడు. పరుపుల వీధి కాబట్టి ఏ ఇంటి ముందు చూసినా దండెం మీద పరుపో గలేబో ఆరేసి ఉంటుంది. దాని వెనక స్టూలెక్కి, గరాటు పెట్టి పచ్చగొట్టంలో నీళ్ళు పోసేవాడు. ముందు కుళాయిలోంచి ధార పడేది. నేను ఫోటో తీసేదాన్ని.

ఆ నీళ్ళు ఎక్కడివి అంటారా? మోపెడ్ మీద కుళాయి మొయ్యడమే గగనం, నీళ్ళు కూడా ఎక్కడ మోస్తాడు. ఏ ఇంటి ఫోటోకి ఆ ఇంటి బిందెలోవే. వంతెన అవతలి నుంచి వాళ్ళు మోసుకొచ్చుకున్న నీళ్ళే రెండు చెంబులు తీసుకుని వాళ్ళ కళ్ళ ముందే కుళాయిలోంచి పోయించాను. ఒక్కరూ కాదనలేదు. ముందు ఫోటో పడితే తర్వాత గొట్టాలు వస్తాయని చెప్పాను. అది అబద్ధమని ఆ రోజు నాకు తెలియదు, నిజమని కూడా తెలియదు. తెలుసుకోవాలని అనుకోలేదు, అంతే.

ముప్పై ఎనిమిదో ఇల్లు మెహరున్నీసాగారిది. డెబ్బై ఏళ్ళుంటాయి. భర్త లేడు. కొడుకు మస్తాన్ వలి ఊళ్ళు తిరిగి పాత పరుపులు బాగుచేసి వస్తాడు, ఆమె, కోడలు ఆస్మా ఇంటిపట్టున కుడతారు. నాకూ ఆమెకీ ఒక లంకె ఉంది. సూది పట్టీ పట్టీ ఆమె వేలి గీతలు అరిగిపోయాయి. మిషను మీద వేలిముద్ర పడక మూడు నెలలు పింఛను ఆగిపోయింది. నేనే తెనాలి తీసుకెళ్ళి, ఆధార్ కేంద్రంలో కంటిపాప ఫోటో తీయించి, మధ్యాహ్నం మా ఇంట్లోనే అన్నం పెట్టి పంపించాను. నేను చేసిన మంచిపనుల్లో అదొకటి. అప్పటి నుంచీ ఆ వీధిలో నేనంటే ఆమె ఎవరినీ మాట పడనివ్వదు.

ఆ రోజు ఫోటోకని ఆమె పండక్కి కట్టుకునే చీర కట్టుకుంది. ధార పడుతుంటే నేను ఫోటో తీశాను. తీశాక ఆమె గ్లాసు తెచ్చి, ఆగిపోతున్న ఆ ధార కింద పట్టి, బిస్మిల్లా అని కొంచెం తాగింది. తన బిందెలో నీళ్ళే అని ఆమెకి తెలియదా? యలమంద బిందె తీసుకెళ్ళడం చూసింది కదా. అయినా తాగి, మిగిలింది కోడలికిచ్చింది. గొట్టం ఎప్పుడొస్తుందని అడిగింది. రెండు వారాలు పెద్దమ్మా అన్నాను. పొద్దుపోయింది, రైలు టైమయింది, బకెట్టు కుళాయి అక్కడే ఉంచమని యలమందతో చెప్పి వచ్చేశాను.

జనవరి ఇరవై ఆరున బాపట్లలో జెండా పండగ మైదానంలో నాకు ప్రశంసాపత్రం ఇచ్చారు. నూటికి నూరు శాతం కుళాయిలు. ఇచ్చినవాళ్ళ తప్పేం లేదు, నేను పంపిన ఫోటోలు చూసి ఇచ్చారు. వేదిక ఎక్కేటప్పుడు కాళ్ళు వణికాయి, దిగేటప్పుడు వణకలేదు. చప్పట్లంటే అంతే మరి. మోహనకృష్ణ దానికి ఫ్రేము కట్టించి టీవీ పైన తగిలించాడు.

ఫిబ్రవరి ఒకటిన పింఛన్లు ఇవ్వడానికి పరుపుల వీధికి వెళ్ళాను. మెహరున్నీసాగారి వాకిట్లో బకెట్టు కుళాయి అక్కడే ఉంది. చుట్టూ చిన్న గట్టు కట్టి సిమెంటు పూసి ఉంది. నీళ్ళు పోవడానికి వీధి కాలవ దాకా సన్నటి బోదె తీసి ఉంది. కుళాయి తుప్పు పట్టకుండా గలేబుగుడ్డతో చిన్న తొడుగు కుట్టి వేసింది. అత్తమ్మ రోజూ తుడుస్తుంది మేడం అని ఆస్మా చెప్పింది. ఆస్మాకి ఐదో నెల. పొద్దున నాలుగు బిందెలు మోస్తున్నానని, నడుం పట్టేస్తోందని, ఎండాకాలానికైనా వస్తుందా అని అడిగింది. కాలవ దాటించాలి కదమ్మా అని ఏదో గొణిగాను.

ఆ వారమే మండలంలో మీటింగు. కుళాయిలు లేని ఇళ్ళకి రెండో విడత గొట్టాలు మంజూరయ్యాయట, మిగిలిన ఇళ్ళ జాబితా మార్చి పదిహేనుకి మూసేస్తారట. ఒక్కో పంచాయతీ లేచి తన లెక్క చెప్పింది. నా వంతు వచ్చేసరికి ఆఫీసరు నవ్వి, మీది సున్నా కదండీ, కూర్చోండి అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి కూర్చున్నాను. లేచి, సార్, ముప్పై ఎనిమిది అంటే చాలు. అనడానికి ఎంతసేపు పడుతుంది? తిరిగొచ్చేటప్పుడు ఆస్మా నడుం గుర్తొచ్చింది. గుర్తొచ్చిందంతే, ఏం చెయ్యలేదు.

రంజాను నెల మొదలైంది. రెండో వారంలో ఒక రోజు పొద్దున నా రైలు భట్టిప్రోలు దాటుతుండగా ఫోనొచ్చింది. బాపట్ల నుంచి తనిఖీకి ఇంజనీరమ్మ వస్తోంది, ప్రతి పంచాయతీలో ఒక ఇల్లు లాటరీ తీసి చూస్తారు, మీ ఊళ్ళో వచ్చిన ఇల్లు పరుపుల వీధిలో మెహరున్నీసా అన్నారు. యలమందకి ఫోను చేసి ఏం మాట్లాడానో సరిగ్గా గుర్తులేదు. నేను ఆటో దిగేసరికి వాడు వంతెన దగ్గర నిలబడి ఉన్నాడు. కుళాయి చూడ్డానికి వెళ్తే పెద్దమ్మ అంతా అడిగి తెలుసుకుందట. సరోజమ్మ ఉద్యోగానికి ముప్పా అని అడిగిందట. అవునన్నాడట. అయితే నువ్వెళ్ళు, నేను చూసుకుంటాను అందట.

ఆ మాట వినగానే నా గుండె తేలికపడింది. ఇది రాయకుండా దాటెయ్యాలని చాలా అనిపించింది. కానీ తేలికపడింది, హమ్మయ్య అనుకున్నాను. వంతెన మీద నిలబడి పది నిమిషాలు ఇంజనీరమ్మ కోసం ఎదురుచూశాను. ఆ పది నిమిషాల్లో ఎటైనా నడిచి ఉండొచ్చు. కదల్లేదు.

ఇంజనీరమ్మ పేరు సాహితి. పాతికేళ్ళ పిల్ల, ఎండలో వచ్చి మొహమంతా ఎర్రబడింది, కానీ మర్యాదగా మాట్లాడింది. టాబ్ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. మెహరున్నీసాగారు పండగ చీర కట్టుకుని కుళాయి పక్కన నిలబడి ఉంది, ఫోటోలో ఎలా నిలబడిందో సరిగ్గా అలాగే. కుళాయికి తొడుగు తీసేసి ఉంది. వెనక దండెం మీద పెద్ద పరుపు వేలాడుతోంది. దాని కింద నుంచి ఆస్మా పాదాలు కనపడుతున్నాయి, స్టూలు మీద. ఏడో నెల దగ్గరకొస్తున్న పిల్ల స్టూలెక్కి బిందె పట్టుకుని ఉంది. నాకు కనపడ్డాయి, సాహితికి కనపడలేదు.

టాబ్‌లో వీడియో మొదలుపెట్టి సాహితి ఒక్కో ప్రశ్న అడిగింది. కుళాయి ఎప్పుడు పెట్టారు, నీళ్ళు రోజూ వస్తాయా, ఎంతసేపు వస్తాయి. మెహరున్నీసాగారు గడగడా చెప్పేసింది. డిసెంబరులో పెట్టారు, రోజూ వస్తాయి, గంటసేపు. గంటసేపు అనేది నిజమే, వంతెన అవతల. ఒకసారి తిప్పండి మామ్మగారూ అంది సాహితి. ఆమె తిప్పింది. ధార పడింది. సాహితి దోసిలి పట్టి రుచి చూసి, నీళ్ళు బాగున్నాయని టాబ్‌లో కొట్టుకుంది. తర్వాత ఆఖరి ప్రశ్న చదివింది.

"ఇలా చెప్పమని మీకెవరైనా చెప్పారా మామ్మగారూ? భయపడకుండా చెప్పండి."

"లేదమ్మా. రోజాలో ఉన్నాను. రోజా నోటితో అబద్ధం ఆడతానా?"

ఆమె ఆ మాట సాహితి వైపు చూసి అనలేదు. నేల వైపు చూసి అంది. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి, పెదాలెండిపోయిన మనిషి, తన బిందెలో నీళ్ళు నా కోసం నేలపాలు చేస్తూ, ఆ నోటితో నా కోసం ఆ మాట అంది. నాకు ఒళ్ళంతా సిగ్గు పాకింది. చచ్చిపోవాలనిపించడం అంటారే, అది కాదు. చెవులు వేడెక్కి, కాళ్ళు అక్కడే పాతుకుపోయి, అందరూ నన్నే చూస్తున్నట్టనిపించింది. నిజానికి ఎవరూ నా వైపు చూడటం లేదు. సాహితి టాబ్ మూయబోతోంది.

నేను వెళ్ళి కుళాయి మెడ రెండు చేతులా పట్టుకుని పైకెత్తాను. సిమెంటుతో బరువుగా ఉంది, నడుం కలుక్కుమంది. ఇటుకలు దొర్లిపోయాయి, ఆమె కట్టుకున్న గట్టు ఒక పక్క విరిగింది. రంగుల బకెట్టు కంపెనీ బొమ్మతో సహా బయటపడింది. వెనక పచ్చగొట్టం ఊడి కింద పడింది. పరుపు వెనక ఆస్మాకి ఏమీ తెలియదు కాబట్టి ఇంకా పోస్తూనే ఉంది. నీళ్ళు గొట్టంలోంచి నేల మీదకి పోతూనే ఉన్నాయి.

ఇది రికార్డవుతోందండీ అంది సాహితి మెల్లగా. అవనివ్వండి అన్నాను. బకెట్టు ఎత్తుకునే నిలబడి మొత్తం చెప్పాను. ముప్పై ఎనిమిది ఇళ్ళు, ముప్పై ఎనిమిది ఫోటోలు, ఒకటే కుళాయి. యలమంద నేను చెప్పింది చేశాడు, ఈవిడ నా మీద జాలితో అబద్ధం ఆడింది, చేసింది నేను. జాబితా మూయడానికి ఇంకా వారం ఉంది, సున్నా కొట్టేసి ముప్పై ఎనిమిది వెయ్యండి. సాహితి తడిచెయ్యి చున్నీకి తుడుచుకుంటూ, ఎందుకు చేశారండీ అని అడిగింది. మీటింగులో మూడుసార్లు నా పేరు చదివారు అన్నాను. బయటికి అన్నాక ఆ మాట ఎంత చిన్నదో తెలిసొచ్చింది. ఆ పిల్ల ముందు తలెత్తలేకపోయాను.

అప్పటికి ఆస్మా పరుపు పక్కనుంచి తొంగి చూసింది. మెహరున్నీసాగారు కోడలి చేతిలో బిందె అందుకుని, ఆమెని స్టూలు మీంచి దింపి, ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు. తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది.

తర్వాత జరిగింది ఎక్కువ లేదు. మెమో వచ్చింది, విచారణ నడుస్తోంది, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ప్రశంసాపత్రం ఫ్రేముతో సహా బాపట్ల పట్టుకెళ్ళి ఇచ్చేశాను. టీవీ పైన గోడకి మేకు ఉండిపోయింది. జాబితాలో ముప్పై ఎనిమిది ఎక్కింది. ఏప్రిల్లో ఇనప చట్రం సామాను వంతెన పక్కన దించారు.

తనిఖీ జరిగిన మూడో రోజు నేను పరుపుల వీధికి వెళ్ళాను. క్షమించమని అడగాలని వెళ్ళాను, ఎంతైనా నిజం ఒప్పుకున్నాను కదా, ఒక మంచి మాట అంటుందన్న ఆశ కూడా లోపల ఉంది. దాచను. ఆమె వాకిట్లో పరుపు కుడుతోంది. నన్ను చూసి సూది ఆపలేదు. నేను ఏదో మొదలుపెట్టబోయాను.

"చెప్పాలనే ఉంటే, నేను నోరు తెరవక ముందే చెప్పకూడదా సరోజమ్మా," అంది. "నీ ఉద్యోగం నిలబెడదామని నా రోజా పాడుచేసుకున్నాను. నీ ఉద్యోగమూ నిలవలేదు, నా రోజా కూడా దక్కలేదు."

కోపంగా అనలేదు. కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకునేటప్పుడు తనలో తను అనుకుంటుందే, అలా అంది. మౌల్వీగారు ఏం పరవాలేదు, దేవుడు మనసు చూస్తాడని చెప్పినా ఆమె సమాధానపడలేదట. పండగయ్యాక ఆ రోజుకి బదులు ఇంకో రోజా ఉంటానంది. నోరెక్కువదాన్ని, గడప అవతల నిలబడి నా చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాను. వంతెన మీద పది నిమిషాలు ఉన్నానని ఆమెకి యలమంద చెప్పాడో లేదో నాకు తెలియదు. అడగలేదు.

పండక్కి ముందే ఆమెకి జ్వరం తగిలింది. ఆ రోజా ఉండేసరికి ఏప్రిల్ సగమైంది. పంచాయతీ ఆఫీసుకి ఏదో కాగితం కోసం వచ్చిన ఆస్మా, అత్తమ్మ ఈ రోజు రోజా అని చెప్పింది. ఆస్మాకి ఎనిమిదో నెల, ఆయాసపడుతోంది. ఈ ఎండలో పెద్దమ్మకి రోజా ఎందుకని నేను అడగలేదు, తను చెప్పలేదు. ఆ పూట నేనూ నీళ్ళు ముట్టకూడదని అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం డబ్బా తెరవలేదు. నాలుగింటికి తల దిమ్మెక్కింది, ఓర్చుకున్నాను. ఇంత చేస్తే ఎక్కడో కొంచెం తగ్గుతుందని నా లెక్క.

సాయంత్రం రైలుకి రేపల్లె స్టేషన్ చేరాను. ఇంకో గంట ఓపిక పడితే మెహరున్నీసాగారు ఖర్జూరం నోట్లో వేసుకునే వేళ అవుతుంది. ప్లాట్‌ఫారం మీద కుళాయి కనపడింది. అటు వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను. తిప్పగానే నీళ్ళొచ్చాయి. దోసిలి పట్టి కడుపునిండా తాగాను.